పన్నెండో సీడీ, చివరి పాట

"ఇరవై తొమ్మిది అయిపోయాయి! ఇంకొక్కటే!" అని ఇల్లు అదిరేలా అరిచింది తూనీగ. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో వాళ్లు పెట్టిన పేరది.

అవి తాతయ్య సీడీలు. అమ్మ, పెద్దమ్మ చిన్నప్పుడు పాడినవన్నీ ఆయన వాటిలో దాచిపెట్టాడు. ఇప్పుడవి మచ్చలు పడి పాడవుతున్నాయి. అందుకే సెలవు రోజు చూసి అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని తూనీగకు అప్పగించాడు.

"పన్నెండోది జాగ్రత్తే! మీ అమ్మమ్మ గొంతు ఉన్నది అదొక్కదాంట్లోనే. సాయంత్రం వచ్చి వింటా" అని పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది.

"అన్నీ విని చూస్తున్నావా, తల్లీ?" పక్క గదిలోంచి తాతయ్య అడిగాడు.

"ఓ! చూస్తున్నా!"

చూస్తోంది, మొదటి పాట మాత్రమే. మధ్యలో రెండు మూడుసార్లు ఎర్రర్ వస్తే 'స్కిప్' నొక్కేసింది. పనైపోయిన సీడీలను తమ్ముడికి ఇచ్చేసింది. వాడు టమాటా మొక్కల మీద పావురాలు వాలకుండా వాటిని బాల్కనీలో దారాలతో వేలాడదీశాడు.

సాయంత్రం పెద్దమ్మ చెప్పులు విడుస్తూనే, "పన్నెండోది! చివరిది పెట్టు!" అంది.

తూనీగ వెతికింది. పదమూడు పాటలున్నాయి. చివరిదైన పద్నాలుగోది లేదు.

"స్కిప్ నొక్కాను తాతయ్యా" అంది, ఏడుపు గొంతుతో.

తాతయ్య కోప్పడలేదు. "సీడీలో పాటలు మధ్యలో మొదలై అంచు దగ్గర అయిపోతాయి. ఎక్కువగా దెబ్బతినేది ఆ అంచే. సర్లే, అసలు సీడీ ఉందిగా. ఏది?"

తూనీగ, తమ్ముడు ఒకేసారి బాల్కనీ వైపు చూశారు. ఇద్దరూ ఒకటే పరుగు!

"దొరికింది!" అన్నాడు తమ్ముడు. "కానీ అక్కా, సరిగ్గా దీని మీదే పావురం రెట్ట వేసింది!"

తాతయ్య చెప్పినట్టు, తూనీగ తడి మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు నెమ్మదిగా తుడిచింది. ఆరబెట్టి కంప్యూటర్‌లో పెట్టింది. కాపీ తొంభై శాతం దగ్గర ఆగిపోయింది. తీసి మళ్లీ తుడిచింది. తొంభై... తొంభై ఒకటి... అందరూ కంప్యూటర్ చుట్టూ మూగారు. వంద!

స్పీకర్లో ఇద్దరు పిల్లలు మైకు కోసం కొట్టుకుంటున్నారు. అంతలో ఒక నవ్వు. "ఇద్దరికీ ఇస్తానర్రా, ఆగండి!"

తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మ, పెద్దమ్మ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. తమ్ముడు మంచమెక్కి గెంతాడు.

"అమ్మయ్య! ఇంక అయిపోయినట్టేగా?" అంది పెద్దమ్మ.

తూనీగ కత్తెర పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి దారాలన్నీ కత్తిరించింది. సీడీలన్నీ తెచ్చి నంబర్ల వరసలో పేర్చింది. ఒకటో సీడీని తుడిచి, కంప్యూటర్‌లో పెట్టి, ఈసారి చివరి పాట మీద నొక్కింది.

"అక్కా, ఆడుకుందాం రా!"

"ఉష్! ఇంకా అవలేదు."

పాట అయిపోయింది. తూనీగ అప్పుడూ కదల్లేదు. కాసేపటికి చిన్నప్పటి అమ్మ గొంతు వినిపించింది. "నాన్నా, అయిపోయిందా?"

అప్పుడు తూనీగ కాగితం మీద ఒకటో నంబరు పక్కన టిక్కు పెట్టింది.