కోడ్‌వర్డ్: చిరిగిన అట్ట

రాయపూర్ దగ్గర ధర్సీవా పొలాల్లో ఇన్ఫార్మర్ శవం దొరికిన మరునాడే ఏజెంట్ ఫణిశ్రీకి పిలుపు వచ్చింది.

"అతని మెయిల్ మనకంటే ముందు శత్రువు చదివాడు," అన్నాడు చీఫ్ అమ్మిరాజు. "లీక్ రాయపూర్ తెలుగు లైబ్రరీ కంప్యూటర్‌లో ఉంది. కనిపెట్టు. ఇవాళ జోగయ్య మెయిల్ పంపుతాడు. అతన్ని కూడా పోగొట్టుకోలేను."

జోగయ్య టాటీబంధ్‌లో లారీ ఆఫీసు గుమాస్తా. విదేశీ ముఠా మధ్యే కూర్చుని, వాళ్ల పేలుడు సరుకు జాడ చెబుతున్న మనిషి.

అది 2006. లైబ్రరీకి వచ్చే మెయిల్స్‌ని ఒక సాఫ్ట్‌వేర్ తనంతట తానే విడదీసేది. రెన్యువల్స్ ఒక ఫోల్డర్‌లోకి, ఫిర్యాదులు ఇంకో ఫోల్డర్‌లోకి. 'చిరిగిన అట్ట' అనే మాటతో ఇన్ఫార్మర్లు పంపేవి మాత్రం రహస్యంగా చీఫ్‌కి ఫార్వర్డ్ అయ్యేవి. ఆ ఏర్పాటు చేసింది ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసర్ భావన. అందగత్తె, చీఫ్‌కి కుడిభుజం.

సోడాబుడ్డి కళ్లద్దాలు, భుజాన టూల్‌బ్యాగ్. కంప్యూటర్ మెకానిక్ వేషంలో ఫణిశ్రీ లోపలికి నడిచింది.

"ఏటమ్మా, డబ్బా ఖరాబైందా? పొద్దున్నుంచి బాగానే నడుస్తంది కదా!" అంది లైబ్రేరియన్ రంగనాయకమ్మ.

"ఊరికే చెకింగ్ అమ్మా."

"సరే చూడు. చాయ్ తెస్తాను."

ఫణిశ్రీ సెట్టింగ్స్ తెరిచింది. చీఫ్ అడ్రస్ పైన మరో అడ్రస్ ఉంది. విదేశీ అడ్రస్. దాన్ని చేర్చినవారి పేరు పక్కనే కనిపిస్తోంది: భావన.

అదే క్షణంలో వెనక నుంచి సెంటు వాసన వచ్చింది.

"కదలకు," అంది భావన మెల్లగా. చేతిలో లిప్‌స్టిక్. మూత తీస్తే లోపల రంగు లేదు, సన్నటి తుపాకీ గొట్టం ఉంది. "జోగయ్య మెయిల్ వెళ్లాక నీ సంగతి చూస్తాను."

కంప్యూటర్ టింగుమంది. జోగయ్య మెయిల్ వచ్చింది, దాంతో పాటు లారీ ఫోటో కూడా ఉంది. ఫోన్ లైన్ మీద అది మెల్లగా విదేశానికి బయల్దేరింది. తెర మీద నీలం గీత పాకుతోంది. సగం దాటింది. ఫణిశ్రీకి ధర్సీవా శవం ముఖం స్థానంలో జోగయ్య ముఖం కనపడుతోంది. మోడెమ్ వైరు జానెడు దూరంలోనే ఉన్నా చెయ్యి లేవడం లేదు.

తలుపు తెరుచుకుంది. "చాయ్ ఠండా అయిపోతాది, తీసుకో... అమ్మో, తుపాకీ!"

భావన తల తిప్పింది. ఫణిశ్రీ వైరు మీద పడి లాగేసింది. తుపాకీ పేలింది, మానిటర్ ముక్కలైంది. రంగనాయకమ్మ వేడి చాయ్‌ని భావన చేతి మీద కుమ్మరించింది. కెవ్వుమన్న భావన చేతిని ఫణిశ్రీ వెనక్కి విరిచి, మోడెమ్ వైరుతోనే కట్టేసింది.

కానీ మెయిల్ వెళ్లిందా, ఆగిందా? చూద్దామంటే తెర లేదు.

ఫణిశ్రీ తన సెల్ తీసి జోగయ్యకి ఫోన్ చేసింది. రింగవుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది.

"హలో?"

"లైబ్రరీ నుంచండీ. మీ పుస్తకం వచ్చింది. వెంటనే రండి." అది పారిపొమ్మనే సంకేతం.

"అచ్ఛా. ఇక్కడ ఎవరికీ ఏం తెలీదు. చాయ్ తాగడానికని బయటికొస్తా," అన్నాడు జోగయ్య గొంతు తగ్గించి.

ఫణిశ్రీ నేల మీద కూలబడి ఏడ్చేసింది. రంగనాయకమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

జోగయ్య క్షేమంగా చేరాడు. అతను చెప్పిన లారీని పోలీసులు టాటీబంధ్ దాటకుండానే పట్టుకున్నారు.

"శభాష్! రిపోర్ట్ మెయిల్ చెయ్యి," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

"వద్దు సార్," అంది ఫణిశ్రీ. "రైలెక్కి వచ్చి మీ చేతికే ఇస్తాను."