దుప్పటి కింద ఎడమ చెయ్యి

మా నర్సింగ్ స్కూల్లో ధైర్యాన్ని కూడా కొలుస్తారు. కొలిచేది మా టీచరమ్మ. బొద్దింక కనిపిస్తే బల్ల ఎక్కే మనిషి.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి ప్రాక్టీసు గది సగం చీకటైంది. మంచం మీద రబ్బరు రోగి. మెడదాకా దుప్పటి, కుడి చెయ్యి మాత్రం బయటికి. ఎడమ చెయ్యి లేదు. పొద్దున రోగిని పక్కకి తిప్పమంటే మా పహిల్వాన్ కుర్రాడు దాన్ని ఊడబెరికాడు. టీచరమ్మ చెబితే నేనే పాత గుడ్డలో చుట్టి సామాన్ల గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ గది నా పెత్తనమే, తాళంచెవి నా నడుముకే ఉంటుంది. సంగతి నాకు తెలిసింది కాబట్టి సాయంత్రానికి అందరికీ తెలిసేదే. టైము చాలలేదు.

పరీక్ష ఏమిటంటే, ఒక్కొక్కరే లోపలికెళ్ళి రోగికి బీపీ పట్టీ కట్టాలి, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి మిషన్ తెర చూడాలి. బయటికొచ్చి, ఈ పని మీద తమకెంత నమ్మకమో పదికి ఇంత అని చెప్పాలి. తను చూస్తుంటే పిల్లల ధైర్యం చచ్చిపోతుందని టీచరమ్మ వరండాలో కూర్చుంది. ఆరు దాటకపోతే ఆసుపత్రి డ్యూటీ లేదు. ఏడాది పోయినట్టే.

పహిల్వాన్ బయటికొచ్చి, "పదికి పది మేడమ్" అన్నాడు. పట్టీ తలకిందులుగా కట్టాడు, తలుపు సందులోంచి చూశాను. ధైర్యమంటే అదే మరి.

"తెర మీద ఏమొచ్చింది?"

"అంకెల్లేవు, గీతలే మేడమ్. బొమ్మ కదా."

అందరిదీ అదే మాట.

చివర్న మా అక్క కూతురు. క్లాసులో దాని పేరు సందేహం. తాళం వేసి, సగం దూరం పోయి, మళ్ళీ వచ్చి లాగి చూసే రకం. కిందటేడు తప్పింది. ఈసారీ తప్పితే చదువు చాలించి ఇంటికి రమ్మన్నాడు మా బావ.

"నా వల్ల కాదేమో పిన్నీ."

"రబ్బరు బొమ్మే. తిట్టదు, చావదు. పోవే."

వెళ్ళింది. ఎంతకీ రాదు. గోళ్ళరంగు తుడిచే మందు వాసన ఘాటుగా వరండాలోకొచ్చింది. తర్వాత...

టిక్... టిక్... టిక్...

నాడి అందితే వచ్చే చప్పుడు. అప్పటిదాకా ఎవరూ ఆ మిషన్‌ని పలికించలేదు.

అది బయటికొచ్చింది. చేతిలో ఎర్రబడ్డ దూది. మొహం తేటగా ఉంది.

"పదికి ఎనిమిది మేడమ్."

"ఆ దూదేమిటి?"

"గోళ్ళరంగు ఉంటే క్లిప్పు సరిగ్గా చదవదన్నారు కదా. తుడిచాను. చెయ్యి చల్లగా ఉంటే రుద్దాను కూడా. అప్పుడొచ్చింది."

"రబ్బరు బొమ్మకి గోళ్ళరంగా? నాటకాలాడితే సున్నా వేస్తాను."

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ చేతికి కాదు మేడమ్. పట్టీ కట్టిన చేతికి క్లిప్పు పెట్టకూడదని మీరే చెప్పారు. అందుకే దుప్పటి కింద ఉన్న ఎడమ చేతికి..."

టీచరమ్మ నన్ను చూసింది. నేను టీచరమ్మని చూశాను.

నా అనుమానం తిన్నగా పహిల్వాన్ మీదికి పోయింది. వాడు నా పక్కనే నిలబడి అరటిపండు తింటున్నాడు.

టీచరమ్మా నేనూ లోపలికెళ్ళాం. మంచం కింద చూశాను. ఎవరూ లేరు. క్లిప్పు తీగ దుప్పటి కిందికి పోయింది. ఎడమవైపు... దుప్పటి కొంచెం ఉబ్బి ఉంది.

టిక్... టిక్...

"నువ్వు తియ్యి" అని గొణిగింది టీచరమ్మ.

"మీరే తియ్యండి. ధైర్యం కొలిచేది మీరు కదా."

లాగేసింది. పరుపు మీద క్లిప్పు ఒక్కటే, నోరు మూసుకుని. తెర మీద గీతలు. చప్పుడు ఆగిపోయింది.

"క్లిప్పు మీద వెలుతురు పడితే... ఒక్కోసారి అలాగే కొట్టుకుంటుంది" అంది టీచరమ్మ. గదిలో వెలుతురెక్కడుందని నేనడగలేదు. బయటికొచ్చి మా పిల్లకి పదికి పది వేసేసింది.

"పాసయ్యానా పిన్నీ?"

"అయ్యావే."

"ఒక్క వేలే తుడిచాను. పని సగంలో వదిలినట్టుంది. మిగతావి కూడా తుడిచి రానా?"

"వద్దు" అన్నాను. అంత చిన్న మాట నేనెప్పుడూ అనలేదు.

నేరుగా బీరువా దగ్గరికెళ్ళాను. తాళం వేసినట్టే ఉంది. గుడ్డకి నేను వేసిన ముడి అలాగే ఉంది. విప్పాను.

రబ్బరు చెయ్యి వెచ్చగా ఉంది... ఎవరో అంతసేపూ రుద్దినట్టు. చూపుడువేలు శుభ్రంగా ఉంది.

మిగతా గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒకదాన్ని ముట్టుకున్నాను. నా వేలికి అంటుకుంది.

రంగు ఇంకా ఆరలేదు.