మా అక్క జారిపడలేదు

ధడ్! ధడ్! ధడ్!

షటర్ ఊగిపోతోంది.

"తియ్ మరదలా! లోపల ఒక్కదానివే ఏం చేస్తున్నావ్?"

బావ గొంతు!

అందరూ పొట్టి అని పిలిచే ఆ పిల్ల చుట్టూ చూస్తుంది. తను పనిచేసే డీటీపీ సెంటర్ ఓనరు భోజనానికి వెళ్ళాడు. వెనక తలుపు లేదు. ఉన్న ఒక్క కిటికీకీ ఊచలు!

స్క్రీన్ మీద అక్క రాసిన ఈ-బుక్. పాత పేరు 'మిద్దె మీద మొక్కలు'. పదినిమిషాల క్రితం పొట్టి పెట్టిన కొత్త పేరు... 'మా అక్క జారిపడలేదు'!

కింద ఒకే మాట. 'పరిశీలనలో ఉంది.'

ఈ-బుక్‌లు అమ్మే స్టోర్ వాళ్ళు సరేనంటే చాలు. కొన్న మూడు వందల పన్నెండు మందికీ కొత్త చివరి పేజీ వెళ్ళిపోతుంది.

కానీ... బావకెలా తెలిసింది?



ఈమెయిల్! ఖాతాలో ఇంకా అక్క మెయిలే ఉంది. అక్క ఫోను బావ జేబులో ఉంది! పేరు మార్చినట్టు కబురు నేరుగా అతనికే చేరింది!

పక్క ట్యాబ్ తెరుస్తుంది. అక్క మెయిల్ తీసేసి తనది పెడుతుంది. సేవ్. ఇక స్టోర్ కబుర్లేవీ బావకి చేరవు. ట్యాబ్ మూసేస్తుంది.

ఫట్!

గొళ్ళెం ఊడింది. షటర్ పైకి లేచి, మళ్ళీ కిందికి పడింది.

బావ లోపలున్నాడు. చేతిలో పిస్టల్!

"తీసెయ్."

"కుదరదు బావా... పరిశీలనలో ఉంటే ఏ బటనూ పనిచెయ్యదు."

అతనే మౌస్ లాక్కుని నొక్కుతాడు. బటన్లన్నీ బూడిదరంగులో చచ్చిపడున్నాయి.

"ఎంతసేపు?"

"ఒక్కోసారి అరగంట... ఒక్కోసారి మూడు రోజులు."

బావ స్టూలు లాక్కుని కూర్చుంటాడు. "పాస్‌వర్డ్ నీ తలలో ఉంది కదా. అందాకా నీ తలకి ఢోకా లేదులే."

నవ్వుతున్నాడు!

అక్క దాచిన ఫొటో ఈ పొద్దున్నే కనబడింది, పుస్తకం ఫైల్ చివర్లో, స్టోర్‌కి పంపని పేజీలో. అదే ఇప్పుడు కొత్త చివరి పేజీ. మిద్దె పిట్టగోడ ఇటుకలు గునపంతో వదులు చేస్తున్న బావ! కింద అక్క రాసింది: 'రేపు నీళ్ళు పోయడానికి రమ్మంటున్నాడు. భయంగా ఉంది.' మర్నాడే అక్క మిద్దె మీంచి పడి చనిపోయింది, జారిపడిందని బావ అందరికీ చెప్పాడు.

అక్క ఫోను రోజూ తిరగేసేవాడు. మొక్కల పుస్తకం మాత్రం ఏనాడూ తెరవలేదు.

స్టేషన్‌కి పోతే? ఎస్సై బావ దోస్తు!

యాభై నిమిషాలు.

స్క్రీన్ మారలేదు.

మారదు కూడా! రిఫ్రెష్ చేస్తే తప్ప ఆ పేజీ కదలదు. ఆ సంగతి పొట్టికి తెలుసు. బావకి తెలియదు.

చేతులు ఒళ్ళో బిగపట్టుకుంటుంది. 

"ఏంటే, ఇంకా ఎంతసేపు?"

"అదే... అదే మారుతుంది బావా."

"నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నావా?" పిస్టల్ ఆమె చెవికి ఆనుతుంది. చల్లగా!

ట్రింగ్!

సెంటర్ ల్యాండ్‌లైన్.

"ఎత్తు. స్పీకర్ పెట్టు. తేడాగా మాట్లాడావో..."

"ఏమ్మాయ్!" ముసలి గొంతు. తప్పుల తాతయ్య! పక్కవీధి రిటైర్డ్ హెడ్మాస్టరు. ఈ సెంటర్లో తయారైన ఏ పుస్తకం అప్‌డేట్ అయినా ముందు చదివేసి, తప్పులు ఏకరువు పెట్టేది ఆయనే.

"కొత్త పేజీ చదివానమ్మా. ఈసారి ఒక్క తప్పూ లేదు."

బావ మొహం పాలిపోతుంది. "ఎలా చదివాడే? ఇంకా పరిశీలనలోనే ఉందిగా!"

పొట్టి కీబోర్డు దగ్గరికి జరుగుతుంది. 

"పేజీ... రిఫ్రెష్ చెయ్యలేదు బావా."

చూపుడువేలు కీ మీద పడుతుంది.

పచ్చ అక్షరాలు. 'అప్‌డేట్ అయింది. అరగంట క్రితం.'

స్పీకర్‌లో ముసలి గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉంది. "వెనక పేజీలో సెంటర్ అడ్రస్ చూసి, చదివినవాళ్ళంతా బయటికే వచ్చేశారు... నేను కమిషనర్ ఆఫీసు వాళ్ళనీ వెంటబెట్టుకొచ్చాను."

షటర్ కింది సందులో కాళ్ళు. రెండు... ఆరు... ఇరవై...

ధడ్! ధడ్! ధడ్!

ఈసారి కొడుతున్నది బావ కాదు!