లీలావతి ఫోటోలో కళ్ళు

పంతొమ్మిది వందల తొంభై మూడు... ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! మామిడికుదురు కొబ్బరితోటల మీద కారుమేఘాలు కమ్ముకుని పట్టపగలే కాళరాత్రిని తలపిస్తున్నాయి. రాత్రయిందనుకుందో ఏమో, ఎక్కడో గుడ్లగూబ భీకరంగా కూసింది. ఫెళ్ళున పిడుగు పడింది!

తోటలోని పాకలో, ముగ్గు మధ్య కపాలం... దాని ముందు ఒక నలుపు తెలుపు ఫోటో. జనార్దన్ మొదటి భార్య, పద్నాలుగేళ్ళ క్రితం పోయిన లీలావతిది. ఎదురుగా, జనార్దన్ పట్టుకున్నా ఆగకుండా, అతని రెండో భార్య కృష్ణవేణి జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది. నెల్లాళ్ళుగా లీలావతి ప్రేతం ఆమెను పట్టి పీడిస్తోంది, మెతుకు ముట్టనివ్వడం లేదు. ఈ పూట వదిలించకపోతే ఆమె బతకదు. పాపం, ఏ పాపమూ ఎరుగని పిల్ల!

మాంత్రికుడు వీర్రాజు ఫోటోను దీపం దగ్గరికి తీసుకున్నాడు. ముఖంలోని భావాన్ని చదివి, దాన్నే పట్టుకుని ప్రేతాన్ని కళ్ళగుండా కపాలంలోకి లాగడం అతని క్షుద్రవిద్య.

"చూసేరా ఆ చూపు? పెదాలు శాంతంగా ఉన్నాయి గానీ, కళ్ళలో పగ రగిలిపోతుందండీ!"

"పగ కాదేమోనండీ... ఆ ఫోటో సంగతి..." అంది జనార్దన్ తల్లి మహాలక్ష్మమ్మ.

"మధ్యలో మాట్లాడితే ముందు మీ ప్రాణం పోద్దండీ!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం!

"హ్రీం... నేత్రద్వారేణ ఆగచ్ఛ! ఆగచ్ఛ!"

నెత్తుటి అక్షతలు ఫోటో కళ్ళ మీద పడ్డాయి. కృష్ణవేణి కెవ్వున అరిచింది! ఫోటోలోని కనుపాపలు కరిగి, నల్లగా చెంపల మీదికి కారాయి. వాటి కింద... మూసి ఉన్న రెండు రెప్పలు!

"అవి దాని కళ్ళు కావండీ!" మహాలక్ష్మమ్మ ఘొల్లుమంది. "ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దని బతికుండగా తియ్యనివ్వలేదండీ. పోయేక శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీయించేను. కళ్ళు రాజోలు స్టూడియో ఆయన కుంచెతో వేసేరండీ. నువ్వు మస్కట్లో ఉన్నావు కదరా జనార్దనా, నీకు చెప్పలేకపోయేను!"

మృత్యువు మూసిన తలుపును మంత్రం తెరవగలదా? దారి దొరక్క రెచ్చిపోయిన మంత్రశక్తి, తెరిచి ఉన్న కళ్ళ కోసం వెతికింది. ఎదురుగా ఉన్నవి వీర్రాజువే! అతని కళ్ళలోంచి రక్తం చిమ్మింది. ఆర్తనాదం సగంలోనే ఆగిపోగా, వెళ్ళి కపాలం మీద కూలాడు.

కృష్ణవేణి నోట లీలావతి గొంతు మెత్తగా పలికింది.

"అత్తయ్యగారూ... నేనెలా ఉండేదాన్నో మీకైనా గుర్తుందాండీ? చెప్పండి, వెళ్ళిపోతాను."

మహాలక్ష్మమ్మ కళ్ళు మూసుకుని తలచుకుంది. ఎంత తలచుకున్నా స్టూడియోవాడు వేసిన ఆ కళ్ళే కనిపించాయి. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"లేదమ్మా..."

"నాకు మొహమే లేకుండా చేసేరు కదండీ. అయితే ఈ పిల్ల మొహం పట్టుకుపోతానండీ."

జనార్దన్ భార్యను భుజాన వేసుకుని వానలో పరుగెత్తాడు. రోడ్డెక్కే లోపే ఆమె ఊపిరి ఆగిపోయింది.