నలభయ్యో సెకను దగ్గర ఒక గొంతు

సర్వేయరుగారితో వేగడం ఎంత కష్టమో ఆయన భార్యను అడగాలి. రిటైరైన మగవాళ్ళు పేపరు చదువుకుంటారు, కూరలో ఉప్పు తగ్గిందని సణుగుతారు. అలాంటివైతే ఎవరైనా సర్దుకుపోతారు. ఈయన పాత గోడగడియారాలు కొనుక్కొచ్చి, వాటి పొట్టలు విప్పి, భోజనాల బల్ల మీద పరుస్తారు. చెంచా కోసం చెయ్యి చాస్తే స్క్రూడ్రైవరు తగులుతుంది. అది చాలదన్నట్టు, గడియారాలు బాగుచేసేవాళ్ళ ఫోరం ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళ కంటే అక్కడివాళ్ళ బాగోగులే ఆయనకు ఎక్కువ.

ఆవిడను ఇక్కడ అత్తగారు అనే అందాం. ఆ రోజు ఆవిడకు వచ్చిన తిప్పలన్నీ ఆ హోదాలో వచ్చినవే.

ఆ ఫోరానికి ఒక పద్ధతి ఉంది. గడియారం జబ్బేమిటో తేలాలంటే ముందు నుంచి ఒక ఫొటో, వెనక నుంచి ఒక ఫొటో, నిమిషం పాటు దాని చప్పుడు వినిపించే వీడియో పెట్టాలి. అక్కడి పెద్దలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, డాక్టర్లు గుండె విన్నట్టు మళ్ళీ మళ్ళీ వింటారు. వీడియోను ముందు సొంత సోషల్ మీడియా పేజీలో పెట్టుకుని, ఆ లింకును పోస్టులో వేరే లైనులో ఒంటరిగా అతికించాలి. సర్వేయరుగారేమో దాన్ని వాక్యం మధ్యలో ఇరికించేవారు. వీడియోకి బదులు నీలం రంగు అక్షరాలు ప్రత్యక్షమయ్యేవి. కోడలే ప్రతిసారీ సరిచేసేది. అక్కర్లేని ముక్కలు కత్తిరించేదీ ఆ అమ్మాయే.

కోడలు ఫిజియోథెరపిస్టు. హాస్పిటల్ ఉద్యోగం మానేసి, ఇంటి ముందుగదిలో సొంత క్లినిక్ పెడుతోంది. ఆ రోజు పదకొండు గంటలకు మొదటి పేషెంటు వస్తాడు. అందుకని మామగారు ఆ పిల్లను ఇబ్బంది పెట్టకుండా ఆ పొద్దున తనే వీడియో పెట్టేశారు. జీవితంలో మొదటిసారి అది సరిగ్గా వచ్చింది. టిఫిను తినే చోటికి ఫోను తెచ్చి భార్యకు చూపించారు.

లోలకం ఊగుతోంది. టిక్కు, టక్కు. ఇంతలో వెనకనుంచి ఒక ఆడగొంతు. నిన్న సాయంత్రం వంటింట్లోంచి చెల్లెలితో ఫోన్లో మాట్లాడిన తన గొంతే.

"హాస్పిటల్లో ఎవరో చెప్పింది చేసేదే. సొంతంగా ఆ పిల్లకేం వచ్చు? మూడు నెలల్లో తనే మూసుకుంటుంది చూడు. నేనెందుకు చెడ్డదాన్ని కావాలని సరే అన్నాను. నా మోకాలా? దానంతటదే తగ్గిందే."

ఆవిడ ముద్ద వదిలేసి ఫోను బోర్లించింది. వారం కిందట కోడలి చెయ్యి పట్టుకుని, "ముందుగది నీదే అమ్మాయీ, నిశ్చింతగా పెట్టుకో" అన్నదీ ఆ నోరే.

తీసెయ్యమని ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. కుదరదన్నారాయన. పోస్టు పెట్టిన గంట లోపే మార్చుకోవాలట, ఆ గంట దాటిపోయిందట. అప్పటికే నలుగురు దాన్ని తమ జవాబుల్లో ఎత్తి చూపించారట. తన పేజీలోంచి తీసేస్తే అన్నిచోట్లా మాయమవుతుంది గానీ, టిక్కుకీ టక్కుకీ ఎడం సమంగా లేదు, గడియారం కుంటుతోందని ముగ్గురు నిపుణులు ఒక్కమాట మీద ఉన్న సమయంలో ఎవరైనా తీస్తారా అని ఆయన ప్రశ్న. ఒకాయన రాసింది చదివి కూడా వినిపించారు: "నలభయ్యో సెకను దగ్గర ఒక గొంతు అడ్డొస్తోంది. ఆవిడ మోకాలు తగ్గినందుకు సంతోషమే కానీ, టిక్కు వినపడలేదు. మళ్ళీ తీయగలరు."

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆవిడ ఫోను అందుకుంది. ఏదో నొక్కితే, ఈ వీడియోను మిత్రులందరికీ పంపమంటారా అని అది అడిగింది. ఆవిడ వేడిగిన్నె పట్టుకున్నట్టు దాన్ని బల్ల మీద పడేసింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. కడిగిన గ్లాసులే ఇంకోసారి కడిగింది. గంట పదిన్నర. తీసెయ్యడం తెలిసినది ఇంట్లో ఒక్క మనిషికే. ఆ మనిషి వినకముందే, ఆ మనిషితోనే తీయించాలి.

ముందుగదిలో కోడలు కొత్త బల్ల మీద పరిచిన దుప్పటి మడతపెడుతోంది. గోడకు అంటించిన వ్యాయామాల బొమ్మలు అప్పటికే చుట్టేసి ఉన్నాయి. అత్తగారు అది చూసీ చూడనట్టు, మామగారి వీడియో ఏదో మసకమసకగా వచ్చిందనీ, కాస్త తీసేస్తే పరువు దక్కుతుందనీ మొదలుపెట్టింది.

"స్పష్టంగానే ఉందత్తయ్యా," అంది కోడలు తలెత్తకుండా. "ఆ ఖాతా నా మెయిలుతో తెరిచిందే కదా. ఆయనేం పెట్టినా నాకు కబురొస్తుంది. పొద్దున్నే విన్నాను."

అత్తగారు గుమ్మం పట్టుకుంది. "అది నీ గురించి కాదే. పక్కింటావిడ కోడలి గురించి."

"ఆవిడకి కొడుకే లేడత్తయ్యా."

కోడలు దుప్పటిని మరో మడత పెట్టింది.

"గది ఇవ్వనంటే ఇంకోటి వెతుక్కునేదాన్ని. అందుకు కాదు నా బాధ. మీ మోకాలు నాలుగు నెలలు పట్టుకుని చూసిన చేతులివి. దానంతటదే తగ్గిందన్నారు. నా సంగతి దగ్గరగా తెలిసిన మనిషి మీరు. మీరే అలా అంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద ఏ ధైర్యంతో చెయ్యి వెయ్యను? హాస్పిటల్లో నా సీటు సాయంత్రం దాకా ఖాళీగా ఉంచారు. వెళ్ళిపోతాను. ఈ పేషెంటుకి రావద్దని ఫోన్ చేసేస్తాను."

అత్తగారు వంటింట్లోకి వచ్చి పడింది. సర్వేయరుగారు తల తుడుచుకుంటూ భోజనాల బల్ల మీది గడియారం కింద అట్టముక్క పెట్టి ఎత్తు సరిచేస్తున్నారు. కోపమంతా ఆయన మీదికే పోయింది. అంత దగ్గర పెట్టుకుని చూశారే, పెళ్ళాం గొంతు వినపడలేదా, పెట్టేముందు ఒక్క మాట అడగకూడదా అని గొణిగింది.

"వినపడింది," అన్నారాయన.

"విని కూడా పెట్టారా?"

"అమ్మాయికి ముందే చెప్పి ఉంటావనుకున్నానే. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి అనడం నీకు చాతకాదుగా. గది విషయంలో మీ ఇద్దరికీ ఏదో మాటామాటా అయి, సర్దుకుని ఉంటారనుకున్నా."

దెప్పి ఉంటే తిరిగి నాలుగు అనేది. ఆయన నిజంగానే అలా నమ్మారు. ఆ నమ్మకమే ఆవిడను నిలబడనివ్వలేదు. పొద్దున్నే ఆ ముందుగదిలో, కిటికీ పక్క కుర్చీలో, ఎవరూ పిలవని అరగంట. ఈ ఇంట్లో తనకంటూ ఉన్నది అదొక్కటే. అది పోతుందని బెంగ. ఆ మాట అడిగితే చిన్నతనం. అడగలేక, పిల్ల పనిని చులకన చేసింది.

ముందుగదిలోంచి కోడలు నంబరు నొక్కిన చప్పుడు. ఆ వెంటనే వీధి తలుపు అవతల ఫోను మోగింది.

పేషెంటు పావుగంట ముందే వచ్చేశాడు. లారీ డ్రైవరు. కుడిభుజాన్ని ఎడమచేత్తో మోస్తూ మెట్టు మీద నిలబడ్డాడు. తలుపు తీసింది అత్తగారే. కోడలు చెవి దగ్గర ఫోనుతో అలాగే ఉండిపోయింది. ఖాళీ గోడలూ, మడతపెట్టిన దుప్పటీ చూసి అతను తటపటాయించాడు. అత్తగారి నెరిసిన జుట్టు చూసి ఆవిడా పేషెంటే అనుకున్నట్టున్నాడు.

"మీకూ ఈవిడే చూస్తారా అమ్మా? చెయ్యి ఎత్తలేకపోతున్నాను. బండి పని పోయేలా ఉంది. బాగా చేస్తారంటారా?"

కోడలు ఫోను కిందికి దించింది. అత్తగారి వంక చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తోంది. గడియారం సంగతి మరిచిపోయి సర్వేయరుగారు కూడా గుమ్మంలోకి వచ్చారు.

అత్తగారు కోడలి చేతిలోంచి దుప్పటి తీసుకుంది. బల్ల మీద పరిచింది. మూలలు లాగి సరిచేసింది.

"మెట్లు దిగలేక నాలుగు నెలలు ఏడ్చాను బాబూ," అంది. "ఇప్పుడు రోజుకి పదిసార్లు దిగుతున్నాను. అది ఈ అమ్మాయి చేతి పని. దానంతటదే తగ్గిందని మా చెల్లెలితో అన్నాను, అది అబద్ధం."

డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు. ఆవిడ అతనితో మాట్లాడటం మానేసి కోడలి వైపు తిరిగింది. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

"నా కుర్చీ చోటు పోతుందని ఏడుపు నాది. అది నీతో చెప్పుకోవడానికి నోరు రాలేదు. నీకు పని రాదని ఊరికే అనేశాను. నాది తప్పమ్మా. ముమ్మాటికీ నాదే తప్పు."