పదిహేడో నంబరు హాజరు

"నీ కవర్, ఏడో తరగతి లెక్కల మాస్టారు," అన్నాడు చీఫ్ ఫైలు మూస్తూ. "ఇరవై నాలుగు మంది పిల్లలతో విదేశీ యాత్ర. అక్కడ పనిచేస్తున్న మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లు ఈ కాగితంలో ఉన్నాయి. మ్యూజియంలో గైడ్‌గా ఉన్న మన మనిషికి అందించాలి."

"బోర్డర్‌లో నన్ను సోదా చేస్తే?"

"నిన్ను చేస్తారు. పిల్లల్ని చెయ్యరు."

ఏజెంట్ తల ఊపాడు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతన్ని కుంగదీసింది ఆ తల ఊపడమే.

మూడు నెలల్లో అతను నిజంగానే మాస్టారైపోయాడు. దేన్నీ వదలని ఆ చూపుకి పిల్లలు గుడ్లగూబ సార్ అని పేరు పెట్టారు. వెనక బెంచీలో ఎవరు కునికినా సుద్దముక్క సూటిగా వెళ్లి తగిలేది. కాగితం దాచడానికి రోల్ నంబర్ పదిహేడు జామెట్రీ బాక్స్ ఎంచుకున్నాడు. క్లాసు మొత్తంలో ఒక్క ప్రశ్న కూడా అడగని పిల్ల ఆమే. ఎయిర్‌పోర్టులో వాళ్లమ్మ దగ్గరికొచ్చి, "దీనికి నోట్లో నాలుక లేదు సార్. మీ చేతుల్లో పెడుతున్నాను," అంది. అప్పటికే కాగితం బాక్స్ మూత లోపలి అట్ట కింద ఉంది.

"నేను చూసుకుంటానమ్మా," అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడకుండా.

రెండో రోజు ఉదయం, మ్యూజియం. ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న గైడ్ చూపు తిప్పుకోనివ్వనంత అందంగా ఉంది. "గొడుగు మర్చిపోయారా?" అంది. కోడ్ వర్డ్ సరిపోయింది.

"రోల్ నంబర్ పదిహేడు. జామెట్రీ బాక్స్," అని తన నోటితో తనే చెప్పాడు.

గంట తర్వాత పిల్లల్ని మెట్ల దగ్గర నిలబెట్టి హాజరు పిలుస్తుంటే చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "గైడ్ డబుల్ ఏజెంట్. కాగితం ఇవ్వకు."

"పదిహేడు," అన్నాడు రిజిస్టర్‌లోంచి తల ఎత్తకుండానే.

"ప్రెజెంట్ సార్."

హమ్మయ్య అనుకున్నాడు. చివరి నంబరు అయ్యాక తల ఎత్తితే, పదహారో నంబరు పిల్ల నేలచూపులు చూస్తోంది. ఆమె పక్కన ఖాళీ.

"గైడ్ ఆంటీ బాత్‌రూమ్‌కి తీసుకెళ్లింది సార్. మీరు తిడతారని నేనే పలికాను."

ఫోన్లో దగ్గు విని శత్రువుని గుర్తుపట్టే మనిషి, పన్నెండేళ్ల పిల్ల ప్రాక్సీకి బోల్తాపడ్డాడు. ఎవర్నీ కదలొద్దని చెప్పి పరుగెత్తాడు.

సందర్శకుల కోట్లు, బ్యాగులు పెట్టే గదిలో గైడ్ ఒక చేత్తో పిస్టల్, ఇంకో చేత్తో పిల్ల జడ పట్టుకుని ఉంది. ఆమె చెప్పినట్టే పిల్ల మూత అట్ట ఊడదీస్తోంది.

"అక్కడే ఆగండి మాస్టారూ. అలా చూడకండి. పిల్లని ఇందులోకి లాగింది నేను కాదు."

అతను చెయ్యి మెల్లగా జేబులోని సుద్దముక్క వైపు పోనిచ్చాడు.

అట్ట ఊడింది. మడత కాగితం బయటపడింది. జడ వదిలి గైడ్ చెయ్యి చాపింది. పిల్ల ఒకసారి సార్ వైపు బెదురుగా చూసి, కాగితం నోట్లో కుక్కుకుని గుటుక్కున మింగేసింది.

పిస్టల్ పిల్ల వైపు తిరిగింది. అంతలోనే మత్తుసూది దాచిన సుద్దముక్క దూసుకెళ్లి గైడ్ మెడకి తగిలింది. వెనక బెంచీల మీద చేసిన సాధన వృథా పోలేదు. గైడ్ కోట్ల మధ్య కూలబడింది.

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "ఆ చీటీ నాది కాదు సార్. ఒట్టు. నేనెప్పుడూ కాపీ కొట్టలేదు."

ఇన్నేళ్లూ అబద్ధాల మీదే బతికినవాడు ఈసారి నిజమే చెప్పాలనుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అది నాది తల్లీ. నేనే పెట్టాను."

"నా దాంట్లోనే ఎందుకు పెట్టారు సార్?"

మూడు నెలల్లో ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న.

"పేర్లు?" అన్నాడు చీఫ్ చెవిలో.

"ఇక ఎవరికీ దొరకవు," అని రిసీవర్ తీసి జేబులో పడేశాడు.

బస్సులో మళ్లీ హాజరు తీశాడు, ఈసారి ఒక్కొక్కరి మొహం చూస్తూ. పదిహేడో నంబరు లేచి అతని సీటు దగ్గరికి వచ్చింది.

"సార్, ఇదంతా మా అమ్మకి చెప్పకండి."

బస్సెక్కినప్పటి నుంచీ ఆ పిల్లని ఎలా అడగాలా అని అతను మథనపడుతున్నది కూడా అదే.