జులై నాలుగు నాటి అభ్యంతరం

సత్యకుమారి నల్లబల్ల మీద తేదీ వేసి వెనక్కి తిరిగేసరికి, గుమ్మంలో గొడుగు ముడుస్తూ రాజరత్నం నిలబడి ఉన్నాడు. ఆ గొడుగు నుంచి కారిన వాన నీరు అప్పటికే బడిపిల్లల చాపలను తడుపుతోంది.

“మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు మాస్టారూ?”

“దొరసాని గారండి. జులై నాలుగో తేదీ సభకు మనిద్దరం కలిసి పాఠం తయారుచెయ్యాలన్నారు.”

“మనిద్దరమా?”

“నేనూ ఆ మాటే అడిగానండి. అవునన్నారు.”

అది 1898వ సంవత్సరం. రాజమహేంద్రవరంలోని ఆ మిషన్ బాలికల పాఠశాలలో ఆమె పంతులమ్మ. బాలుర పాఠశాలలో అతను ఉపాధ్యాయుడు. పాఠశాలలను నడిపే దొరసాని గారు అమెరికా దేశస్థురాలు. జులై నాలుగు వారి దేశానికి పండుగ రోజు. అందుచేత ఏటా ఆ తేదీన, లోకచరిత్రలో అదే తేదీన జరిగిన సంగతులు పిల్లలకు చెప్పించడం ఆవిడ పెట్టిన ఆనవాయితీ.

ఆ ఇద్దరికీ మాటలు లేవని దొరసాని గారికి తెలియకపోవడానికి వీల్లేదు. ఊరంతటికీ తెలిసిన విషయమది.

కిందటేడు జులై నాలుగు ఆదివారమైంది. విశాఖపట్నం వైపు అదే తేదీన పుట్టిన ఒక పసివాడి పేరు పాతికేళ్ల తర్వాత మన్యమంతా మారుమోగుతుందని అప్పటికి ఏ పుస్తకంలోనూ లేదు. రాజమహేంద్రవరం చర్చిలో మాత్రం ఆనాడు సత్యకుమారి పెళ్లి ప్రకటన చదివారు. నిడదవోలు స్టేషనులో గుమాస్తా వరుడు. వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి; అది మూడవది. “ఈ వివాహమునకు అభ్యంతరము గలవారు ఇప్పుడే లేచి చెప్పవలెను” అని పాస్టరు వీరాస్వామి గారు చదివి, ఆనవాయితీ ప్రకారం కాసేపు మౌనంగా ఉన్నారు.

ఆ మౌనంలో, మగవాళ్ల వైపు ముందు వరుసలోంచి రాజరత్నం లేచి నిలబడ్డాడు.

“ఏం చెప్పదలిచావు నాయనా?”

అతను చుట్టూ చూశాడు. ముఖం పాలిపోయింది. “ఏమీ లేదండి” అని కూర్చున్నాడు.

ఏదైనా ఉందని ఉంటే ఊరు ఒక్క మాటతో సరిపెట్టుకునేది. ఏమీ లేదన్నాడు గనుక ఎవరికి తోచింది వాళ్లు కల్పించుకున్నారు. వరుడి వాళ్లు ఆ మధ్యాహ్నం పడవకే గోదావరి దాటి వెళ్లిపోయారు. ఏడాదిగా మరో సంబంధం గడప తొక్కలేదు. ఆమె తండ్రి చిట్టియ్య గారు రెండుసార్లు రాజరత్నం ఇంటికి వెళ్లి కారణం అడిగారు. అతను తల దించుకున్నాడే గాని నోరు విప్పలేదు. చివరికి ఆయన కూతుర్ని జులై నెలాఖరుకు భీమవరం పాఠశాలకు పంపడానికి ఏర్పాటు చేశారు. “కొత్త ఊళ్లో ఈ గుసగుసలు వినపడవమ్మా” అన్నారు.

పోయిన పెళ్లికొడుకు గురించి సత్యకుమారికి బెంగ లేదు. అతని మీసం తప్ప ఇంకేమీ గుర్తులేదు. కాని అక్షరాలు దిద్దించిన పిల్లల్ని, వరద నీరు ఎర్రబారే ఈ గోదావరి గట్టును వదిలి, చెయ్యని తప్పేదో మూటగట్టుకున్నదానిలా వెళ్లాలా? అదే ఆమెకు మింగుడు పడలేదు.

“సరే, చెప్పండి” అంది సుద్దముక్క అందుకుని. “జులై నాలుగున ఏం జరిగింది?”

అతని కళ్లు వెలిగాయి. “1187లో సలాదీను హత్తీను దగ్గర క్రైస్తవ సైన్యాన్ని ఓడించాడండి. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన. 1807లో ఇటలీ వీరుడు గరిబాల్డీ పుట్టాడు.”

“వీటిలో ఒకటి ఇంకొకదానికి కారణమా?”

“కాదండి.”

“మరి ఒకచోట చేర్చి చెప్పడం దేనికి? తేదీ ఒకటైనంత మాత్రాన సంబంధం ఉన్నట్టేనా?”

“రేవులో పడవ కోసం నిలబడ్డవాళ్లలాంటివండీ ఇవి. ఒకళ్లకొకళ్లు ఏమీ కారు. కాని పక్కపక్కనే నిలబడ్డాక పలకరించుకోకుండా ఉండలేరు కదా!”

వస్తున్న నవ్వును ఆమె నల్లబల్ల వైపు తిప్పుకుంది.

“ఇంకొకటుందండి. ఆ అమెరికా ప్రకటన కోసం కలిసి పాటుపడిన ఆడమ్సు, జెఫర్సను స్నేహితులు. తర్వాత రాజకీయాల్లో చెడి, పదేళ్లకు పైగా మాట్లాడుకోలేదు. ముసలితనంలో మళ్లీ కలిశారు. ఇద్దరూ 1826లో ఒకే రోజున పోయారు. అదీ జులై నాలుగునే!”

“ముందు ఎవరు పలకరించారు?”

“ఆడమ్సు. ఉత్తరం రాశాడు.”

“అయితే తప్పు ఆయనదన్న మాట.”

“తప్పెవరిదో పుస్తకంలో లేదండి. ముందు ఎవరు రాశారన్నదే ఉంది.”

సత్యకుమారి సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. “అయితే మీరే ముందు చెప్పండి. ఆ రోజు ఎందుకు లేచారు?”

“చెబితే నా ఉద్యోగం పోతుందండి.”

“నా గురించి చెబితే మీ ఉద్యోగమెందుకు పోతుంది?”

“మీ గురించి కాదండీ బాబూ!” అంటూ అతను వానలోకి పరుగెత్తాడు, గొడుగు అక్కడే వదిలేసి.

మర్నాడు గొడుగు కోసం రావలసి వచ్చింది. ఆమె మళ్లీ అడగలేదు. అతను మళ్లీ పారిపోలేదు. పాఠం సాగింది. అతను తేదీలు తెచ్చేవాడు. ఎందువల్ల, అటుపైన ఏమైంది అని ఆమె అడిగేది. సమాధానాల కోసం అతను మరిన్ని పుస్తకాలు మోసుకొచ్చేవాడు. వాన తెరిపిచ్చిన సాయంత్రాలు కూడా అతను గొడుగు తెచ్చి మరిచిపోతున్నాడని ఆమె గమనించింది.

సభ రోజు రానే వచ్చింది. దొరసాని గారు, పాస్టరు గారు, చిట్టియ్య గారు ముందు కూర్చున్నారు. తన వంతు తేదీలు చెప్పేసి రాజరత్నం ఒక పక్కన కూర్చుని కీర్తనల పుస్తకం తెరిచాడు.

సత్యకుమారి ఆఖరి కథ చెప్పింది. “ఆ సాయంత్రం ఆడమ్సు ప్రాణం పోయే ముందు, జెఫర్సను ఇంకా ఉన్నాడు అన్నాడట. నిజానికి జెఫర్సను ఆ మధ్యాహ్నమే కన్నుమూశాడు. దూరాభారం వల్ల ఆ కబురు ఆయనకు అందలేదు.”

సభ నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో రాజరత్నం చటుక్కున లేచి, కళ్లు మూసుకుని, “ఆమేన్” అన్నాడు.

అతని ఒళ్లోంచి కీర్తనల పుస్తకం జారింది. దాని కడుపులోంచి మరో చిన్న పుస్తకం జారింది: లోకచరిత్ర తేదీలు.

పిల్లలు గొల్లుమన్నారు. సత్యకుమారికి మాత్రం ఏడాది నాటి ముడి ఒక్కసారిగా విడిపోయింది. ఆనాడు చర్చిలోనూ ఈ చదువులో మునిగిపోయాడు గనుక ప్రకటన వినలేదు; వినలేదు గనుక ఆ మౌనాన్ని ప్రార్థన అనుకున్నాడు; ప్రార్థన అనుకున్నాడు గనుక లేచాడు. అంతే!

పాస్టరు గారు పుస్తకం తీసి చూశారు. “గుళ్లో నువ్వు చదివేది ఇదా?”

“ఆ ఆదివారం దాకా అదేనండి. ఆ తర్వాత గుళ్లో మానేశాను.”

“ఉద్యోగం మాట రేపు చూద్దాం” అన్నారు దొరసాని గారు. పెదవులు బిగించినా ఆవిడకు నవ్వు ఆగలేదు.

చిట్టియ్య గారు లేచారు. “అంటే, మా అమ్మాయి మీద నీకు ఏ అభ్యంతరమూ లేదన్న మాట!”

“అప్పుడు లేదండి.”

“అప్పుడేంటయ్యా?”

“ఇప్పుడుందండి” అన్నాడు రాజరత్నం. “ఆవిడ భీమవరం వెళ్లడానికి.”

గదిలో మళ్లీ చడీచప్పుడు లేదు. ఈసారి ఎవరూ లేవలేదు.

“కారణం చెప్పకపోతే అభ్యంతరం చెల్లదు మాస్టారూ” అంది సత్యకుమారి.

“ఇంతమందిలోనా?”

“పోయినేడు ఇంతకన్నా ఎక్కువమందిలోనే లేచారు కదా!”

“ఈమధ్య ఏ తేదీ చదివినా, దీనికి ఆవిడ ఏం అడుగుతారా అనిపిస్తోందండి. ఆవిడ వెళ్లిపోతే నాకు తేదీలే మిగులుతాయి.”

చిట్టియ్య గారు కూతురి ముఖంలోకి చూశారు. చూడవలసింది కనిపించింది కాబోలు, “భీమవరానికి ఇంకెవర్నైనా చూసుకోవాలండి” అన్నారు దొరసాని గారితో.

సెప్టెంబరులో ఆ ఇద్దరి పెళ్లి ప్రకటన మూడోసారి చదివారు. “అభ్యంతరము గలవారు” అని పాస్టరు గారు అంటూండగానే తలలన్నీ ఒకవైపు తిరిగాయి. రాజరత్నం చేతులు ఖాళీగా ఉన్నాయి. అతని పక్కన కూర్చున్న చిట్టియ్య గారు, ఎందుకైనా మంచిదని, కాబోయే అల్లుడి కోటు అంచు పిడికిట్లో పట్టుకుని ఉన్నారు.

మౌనం ముగిసింది. అతను కదల్లేదు.

“ప్రార్థించుదము” అన్నారు పాస్టరు గారు. చిట్టియ్య గారు కోటు వదిలి లేచారు. చర్చి అంతా లేచింది. రాజరత్నం కదల్లేదు.

ఆడవాళ్ల వైపు నుంచి సత్యకుమారి కళ్లెగరేసి, ఇప్పుడు లేవండి అని సైగ చేసింది. అప్పుడు లేచాడు.